వచనం చివరిదాకా చదవని ఆదివారం

చర్చి సేవకుల శిక్షణ పూర్తి చేసుకున్న పిల్లలు ఏటా ఇద్దరో ముగ్గురో మా ఇంటికి వస్తారు. టీ తాగుతారు, మా ఆవిడ పెట్టిన సకినాలు తింటారు, లేచే ముందు అందరూ ఒకే ప్రశ్న వేస్తారు: "అయ్యగారూ, ప్రసంగం ఎట్ల తయారు చేసుకోవాలె?" పది నిమిషాల్లో చెప్పేయగల చిట్కా ఏదో నా దగ్గర ఉందని వాళ్ళ ఆశ. నా దగ్గర ఉన్నది ఒక తప్పు. దాన్ని చెప్పడానికి పది నిమిషాలు చాలవు. అందుకని రాసి పెడుతున్నాను.

నేను నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో ముప్పై ఏళ్ళకు దగ్గరగా సంఘ కాపరిగా పనిచేశాను. ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయ్యానో, ఏ కమిటీలో ఎవరు నన్ను పొగిడారో ఇక్కడ రాయను. ఆ కాగితాలు మా ఆవిడ ఇనప్పెట్టెలో అడుగున ఉన్నాయి. వాటి వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

గొంతు బాగుండడం

ఎనభైల మొదట్లో నన్ను నార్కట్‌పల్లి చుట్టూ ఉన్న ఆరు ఊళ్ళకు పంపారు. చౌరస్తా వెనక ఒక గది కిరాయికి తీసుకున్నాం. ఆదివారం పొద్దున ఒక ఊరు, మధ్యాహ్నం ఇంకో ఊరు. బండి అంటే సైకిలే.

నాకు గొంతు బాగుండేది. మైకు లేకుండానే నాలుగు వాడలకు వినబడేది. పాట ఎత్తుకుంటే దారిన పోయేవాళ్ళు ఆగి వినేవాళ్ళు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ పెంచాలో, ఎక్కడ ఒక క్షణం ఆగితే ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటారో రెండేళ్ళలో నాకు పట్టుబడిపోయింది. నన్ను చెడగొట్టింది అదే. గొంతు లేనివాడు భయానికైనా చదువుకుంటాడు. నేను శనివారం దాకా పుస్తకం ముట్టేవాణ్ణి కాదు. ఒక్కోవారం శనివారం కూడా ముట్టేవాణ్ణి కాదు. సైకిలు తొక్కుతూ ప్రసంగం అల్లుకునేవాణ్ణి. ఒక వచనం దొరికితే చాలు, మిగతాది పరిశుద్ధాత్మే నడిపిస్తాడనుకునేవాణ్ణి. ఆయన మీద అంత భారం పడేసి నేను మాత్రం హాయిగా నిద్రపోయేవాణ్ణి.

చిట్యాల దగ్గర ఒక ఊళ్ళో ఎస్తేరవ్వ అని పళ్ళన్నీ ఊడిపోయిన ముసలామె ఉండేది. ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక నా చెయ్యి పట్టుకుని, "అయ్యా, పోయిన యాడాది గూడ గిదే జెప్పినవు. అప్పుడే జర మంచిగ జెప్పినవు బిడ్డా" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికి వెళ్ళి మా ఆవిడకు చెబితే ఆమె నవ్వలేదు.

మాకు పెద్ద దేవసహాయం అయ్యగారు. నల్లగొండలో ఉండి చుట్టుపక్కల ఊళ్ళ కాపరులందరినీ చూసుకునేవారు. ఆయన పద్ధతి వేరు. సోమవారం పొద్దున్నే వచ్చే ఆదివారం వాక్యం తీసి పైకి చదివేవారు. దాని ముందు పేజీ, తర్వాతి పేజీ కూడా చదివేవారు. మంగళవారం మళ్ళీ అంతే. బుధవారం దాకా కలం పట్టేవారు కాదు. ఇంత చేసి ఆదివారం ఆయన చెప్పేది చప్పగా ఉండేది. నిజం చెప్పాలంటే ఆయన ప్రసంగంలో నేను కునుకు తీయని రోజు లేదు.

ఒకసారి ఆయన నన్ను పక్కకు పిలిచి, "జీవరత్నం, నువ్వు చెప్తుంటే జనం నిన్ను చూస్తున్నరు. వాక్యాన్ని చూస్తలేరు. జర పైలం" అన్నారు. ఈయనకు నా మీద కుళ్ళు అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆ ఆదివారం

మునుగోడు దిక్కున ఒక ఊరు. పేరు రాయను, అక్కడి వాళ్ళు ఇంకా ఉన్నారు. రేకుల గదిలో ఆరాధన. చాపల మీద ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు, అందరికంటే ముందు పిల్లలు.

ఆ ఊళ్ళో చాలామంది పిల్లల కాళ్ళు మోకాళ్ళ దగ్గర వంకరపోయి ఉండేవి. కొందరు గోడ పట్టుకుని నడిచేవాళ్ళు. నడివయసు మగవాళ్ళు వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేక మనిషంతా తిరిగేవాళ్ళు. నాలుగేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. ఆ దిక్కు ఊళ్ళలో అది మామూలు కాబట్టి ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. నేనూ అడగలేదు.

ముందు రోజు నార్కట్‌పల్లిలో ఒక పెళ్ళి. కడుపు నిండా తిని వచ్చి పడుకున్నాను. ఆదివారం పొద్దున సైకిలెక్కాక వాక్యం సంగతి గుర్తొచ్చింది. పది ఆజ్ఞల్లో ఒకచోట తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా పిల్లల మీదికి వస్తుందని ఉంది. దాని మీద చెబుదాం అనుకున్నాను. ఊరు చేరేసరికి ప్రసంగం తయారైపోయింది.

మొదలుపెట్టాను. మంచి ఊపు వచ్చింది. ఊపులో ఉన్నవాడికి కళ్ళముందు ఏది కనబడితే అదే ఉదాహరణ. ముందు వరసలో కూర్చున్న పిల్లల వైపు చెయ్యి చూపించి, "ఈ కాళ్ళు చూడండి! ఇవి ఎవరు చేసిన పాపాన్ని మోస్తున్నాయి? ఒప్పుకోని పాపం ఎవరింట్లో ఉంది?" అని గట్టిగా అన్నాను.

గదిలో ఏడుపు మొదలైంది. ఒకాయన మోకాళ్ళ మీద పడిపోయాడు. ఆమేన్‌లు ఆగలేదు. నా సేవలో అప్పటిదాకా అంత స్పందన చూడలేదు. తిరిగి వస్తూ దారంతా పాడుకుంటూ సైకిలు తొక్కాను.

తలుపు దగ్గర కూర్చున్న మనిషి

ఆ సంఘంలో మార్తమ్మ అని ముప్పై ఏళ్ళ మనిషి ఉండేది. కూలికి పోయేది. భర్త యోహానుకు ఎడ్లబండి ఉంది. అత్త బాలమ్మ మాట ఆ ఇంట్లో చెల్లుతుంది. వాళ్ళకు ఇద్దరు పిల్లలు. పెద్దది రూతు, ఎనిమిదేళ్ళది, దాని రెండు కాళ్ళూ వంకర. చిన్నవాడు సమూయేలుకు అప్పుడు ఏడాది నిండింది.

మార్తమ్మ ఎప్పుడూ ఆడవాళ్ళ వైపు ముందు కూర్చుని పాట అందుకునేది. ఆ ఊళ్ళో నెలకోసారి మొదటి ఆదివారం ప్రభు భోజనం ఇచ్చేవాణ్ణి, రొట్టె ముక్క, ద్రాక్షరసం. మనసు శుభ్రంగా లేదనుకునేవాళ్ళు అది తీసుకోరు. ఆ తర్వాతి నెల రొట్టె పట్టుకుని వెళ్తే ఆమె ముందు లేదు. తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చుంది. నేను రొట్టె చాపితే తల అడ్డంగా ఊపింది. ఇంట్లో ఏదో గొడవ అయి ఉంటుందిలే అనుకున్నాను. రెండో నెలా అంతే. మూడో నెల అసలు రాలేదు. ఆ నెల చివర్లో వాళ్ళింటికి వెళ్ళాను.

వాకిట్లో బాలమ్మ కూర్చుని ఉంది. నడుము బిగుసుకుపోయి లేవలేక కూర్చునే దండం పెట్టింది.

"రాండ్రి అయ్యగారూ. గీ కోడల్ని మీరే జర అడుగుండ్రి. మూడు నెలల సంది అడుగుతున్న, నోరిప్పదు. మా దిక్కు మూడు తరాలల్ల గిట్ల వంకర కాళ్ళోళ్ళు లేరు. ఏదున్నా గీమె దిక్కే ఉండాలె. మీరే జెప్పిండ్రు గద, ఎవలో ఒప్పుకోని పాపమని."

యోహాను బండి కాడి పట్టుకుని నిలబడి ఉన్నాడు. "వచ్చే నెలల తల్లిగారింటికి తోలెయ్యమంటుంది మా యమ్మ. నేనేం జెయ్యాలె అయ్యగారూ?" అన్నాడు. తల ఎత్తలేదు.

మార్తమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను. మనిషి సగమైపోయింది. బుధవారం, శుక్రవారం ఉపవాసం ఉంటోందట. గోడ దగ్గర నిలబడి మెల్లగా చెప్పింది.

"చిన్నప్పుడు పటేలు చేన్ల జొన్న కంకులు తెంపిన. మా యమ్మతోని అబద్ధాలాడిన. పెండ్లయినంక ఒక్కసారి అత్త మీది కోపంతోని వండిన జొన్న గటుక పారబోసిన. యాదికొచ్చినయన్నీ ఒప్పుకున్న అయ్యగారూ. ఇంకోటేదో ఉన్నట్టుంది. అది యాదికొస్తలేదు. జర మీరు దేవుణ్ణడిగి చెప్పుండ్రి."

ప్రార్థన చేశాను, ఏమని చేశానో నాకే తెలియదు. ఊరు దాటాక సైకిలు దిగి రోడ్డు పక్క మోరీ గట్టు మీద కూర్చున్నాను. ఆమె మీద ఆ బండ పెట్టింది నేనే. పెట్టి మూడు నెలలు పాటలు పాడుకుంటూ తిరిగాను.

నల్లగొండలో

మర్నాడు బస్సెక్కి దేవసహాయం అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. జరిగింది చెప్పాను. చెబుతూనే నన్ను నేను కాపాడుకోవాలని చూశాను. "నేను చెప్పింది లేఖనంలో ఉన్నదే గదా అయ్యగారూ" అన్నాను.

ఆయన తన పుస్తకం నా ముందుకు జరిపారు. "తియ్యి. పైకి చదువు."

చదివాను. ఆదివారం ఎక్కడ ఆపానో అక్కడే ఆగాను.

"ఆగినవేంది? వాక్యం అయిపోయిందా?"

అయిపోలేదు. దేవుడు తనను ప్రేమించేవాళ్ళ మీద వెయ్యి తరాల దాకా కనికరం చూపిస్తాడన్న మాట ఆ వెంటనే ఉంది. అదే వాక్యం, ఆపకుండా ఉంది. నాకు ఆ మాట తెలియక కాదు. శిక్షణలో కంఠస్థం చేసిందే. సైకిలు మీద ప్రసంగం అల్లుతుంటే మొదటి సగమే ఊపుకి సరిపోయింది, రెండో సగం అవసరం పడలేదు.

"మూడు నాలుగెక్కడ, వెయ్యి ఎక్కడ?" అన్నారాయన. "నువ్వు మూడు నాలుగు చెప్పి, వెయ్యి దాసి పెట్టినవ్. సరే. ఆ ఊళ్ళె ఎంతమంది పిల్లల కాళ్ళు అట్లున్నయి?"

"తెల్వదు అయ్యగారూ."

"మన సంఘపోళ్ళ పిల్లలకేనా, అందరికీనా?"

"తెల్వదు."

"నాలుగేండ్ల సంది పోతున్నవు గద."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. టీ తెప్పించి నా ముందు పెట్టి, "ఆ ఊళ్ళెనే ఓ వారం ఉండు. ఇంటింటికి పో. హిందువుల ఇండ్లకు, సాయబుల ఇండ్లకు గూడ పో. వచ్చే ఆదివారానికి నీ తయారీ అదే. అంధుని భాగం తీసుకో. ఎవరు పాపం జేస్తే వీడు గుడ్డోడై పుట్టిండని శిష్యులు అడుగుతరు చూడు, అది" అన్నారు.

బోరింగు దగ్గర

వెళ్ళాను. యోహాను వాళ్ళింట్లో ఉండడానికి మొహం చెల్లక సంఘం గదిలోనే చాప వేసుకున్నాను. ప్రతి ఇంటి గడపా ఎక్కాను. ఒక్క మన వాడలోనే అనుకున్నది అన్ని వాడల్లోనూ ఉంది.

ఖాజా మియా బోరింగులు బాగుచేసే మనిషి. నేను వెళ్ళేసరికి ఊరి మధ్య బోరింగు విప్పి గొట్టాలు బయటికి లాగుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకున్నాడు.

"కాళ్ళు చూసుకుంట తిరుగుతున్నరంట గద పాస్టర్ సాబ్. మా పోరి కాళ్ళు గూడ చూడుండ్రి" అని ఇంటికి తీసుకెళ్ళాడు. పిల్ల గడప మీద కూర్చుని ఉంది. రూతు కాళ్ళలాంటి కాళ్ళే.

"మీరు మీ గుడిల ఏం జెప్పిండ్రో ఊరంత తెలుసు" అన్నాడు. కోపంగా అనలేదు. "మరి నా ఇంట్ల ఎవరి పాపం? రాత్రింబగళ్ళు సోంచాయించిన. పన్నెండేండ్ల కింద నా చేతులతోనే గీ బోరింగు ఏసిన. అంతకు ముందు ఊర్ల గిట్ల లేదు. చెరువు కింద పాత బాయి కాడ నాలుగిండ్లున్నయి. వాళ్ళు గీ నీళ్ళు తాగరు. పోయి వాళ్ళ పిల్లల్ని చూసి రాండ్రి."

వెళ్ళి చూశాను. మేకల వెనకాల ఉరుకుతున్నారు.

నల్లగొండ పెద్ద దవాఖానకు వెళ్ళి అడిగితే డాక్టరు ఖాజా మియా మాటే ఇంకో భాషలో చెప్పాడు. లోతు నుంచి వచ్చే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, ఎదిగే ఎముకను అది పాడుచేస్తుంది. వంగిన కాళ్ళు మళ్ళీ తిన్నగా కావడం కష్టం. "చిన్నపిల్లలున్నారా? అయితే నీళ్ళు ఇప్పుడే మార్చండి. వాళ్ళను కాపాడుకోవచ్చు" అన్నాడు.

సమూయేలు గుర్తొచ్చాడు. మూడు నెలలు ఆ ఇంట్లో అందరూ పాపం కోసం వెతికారు. నీళ్ళ గురించి ఎవరికీ అనుమానం రాకుండా చేసింది నా ప్రసంగం. ఆ మూడు నెలలూ చిన్నవాడికి అవే నీళ్ళు పట్టారు.

అక్కణ్ణించి తిన్నగా వాళ్ళింటికి పోయి చెప్పాను. యోహాను నమ్మేట్టే ఉన్నాడు. బాలమ్మ నమ్మలేదు.

"నీళ్ళల్ల ఏముంటది అయ్యగారూ? కోడలి మీద జాలితోని మాట మారుస్తున్నరు. గుడిల జెప్పింది నిజమా, వాకిట్ల జెప్పేది నిజమా?"

ఆమె ప్రశ్నలో తప్పు లేదు. గుడిలో నిలబడి చెప్పినదాన్ని గుడిలో నిలబడే దిద్దాలి.

శుక్రవారం

ఆ వారం మొదటిసారి నిజంగా తయారయ్యాను. అంధుని భాగం ముందు నుంచి వెనక దాకా చదివాను. అతని తల్లిదండ్రులు ఎంత భయపడుతూ జవాబు చెప్పారో అంతకు ముందు ఎప్పుడూ గమనించలేదు. నోటుబుక్కులో రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను. దేవసహాయం అయ్యగారు ఇంకో మాట కూడా చెప్పి పంపారు: "నీ మాట ఎవరికి తగులుతదో, ఆదివారం కంటే ముందు వాళ్ళకు జెప్పు."

శుక్రవారం పొద్దున మార్తమ్మ జొన్నరొట్టెలు చేస్తుంటే గడప మీద కూర్చుని ప్రసంగమంతా చెప్పాను. రూతు తల్లి పక్కన కూర్చుని వింది. వీడు గానీ వీడి కన్నవాళ్ళు గానీ పాపం చేయలేదని ప్రభువు అన్నాడని చెప్పినప్పుడు మార్తమ్మ చెయ్యి పిండి మీద ఆగిపోయింది. ఆ తర్వాతి మాట చెప్పాను. దేవుని పనులు వీడిలో కనబడాలని ఇలా జరిగిందని.

ఆమె నావైపు తిరిగింది. "అంటే దేవుడే నా బిడ్డ కాళ్ళు వంచిండా, ఆయన పని సూపెట్టుకోనీకె?"

నోటుబుక్కులో ఆ చోట ఎంతో అందమైన వాక్యం రాసుకున్నాను. ఆమె మొహం చూశాక నోటుబుక్కు మూసేశాను.

"నాకు తెల్వదమ్మా" అన్నాను.

"తెల్వదంటే తెల్వదనే జెప్పుండ్రి. గది మంచిగుంది" అని రొట్టె తిప్పింది.

మళ్ళీ గదికి వెళ్ళి కూర్చున్నాను. ఆ భాగం ఇంకోసారి చదివితే అప్పుడు కనబడింది. శిష్యులు కారణం అడుగుతున్నారు. ప్రభువు మాత్రం పగలు ఉండగానే పని చేయాలంటున్నాడు. అంటూనే వంగి మట్టి కలిపి ఆ అంధుని కళ్ళకు పూశాడు, కడుక్కొమ్మని అతన్ని నీళ్ళ దగ్గరికి పంపాడు. ఎందుకు ఇలా జరిగిందో పూర్తిగా చెప్పలేదు, చేయాల్సిన పని మాత్రం అప్పుడే మొదలుపెట్టాడు. నా ప్రసంగం అప్పటికి తయారైంది. ఆమె ఒక్క ప్రశ్న వేయకపోతే ఇంకో అందమైన తప్పు చెప్పి వచ్చేవాణ్ణి.

ఇక్కడే ఒక మాట అనేసి ముందుకు పోతాను. తొంభైలలో క్యాసెట్లు వచ్చాయి. పెద్ద పెద్ద ప్రసంగీకుల మాటలు టేపురికార్డరులో విని, ఆదివారం అవే అప్పజెప్పే కుర్ర కాపరులు తయారయ్యారు. దగ్గడం కూడా వాళ్ళలాగే దగ్గేవాళ్ళు. వినండి, తప్పులేదు, నేనూ విన్నాను. అయితే ఆ క్యాసెట్టు చేసినాయన మీ ఊరి బోరింగు నీళ్ళు తాగలేదు. మీ సంఘంలో తలుపు దగ్గర కూర్చున్నది ఎవరో ఆయనకు తెలియదు. ఆ పని మీదే. దానికి బద్ధకించేవాళ్ళు ఇంకో ఉద్యోగం చూసుకోవడం మంచిది. గొంతుకు పనిచ్చే ఉద్యోగాలు చాలా ఉన్నాయి.

దిద్దుకున్న ఆదివారం

అది ప్రభు భోజనం ఇచ్చే ఆదివారం. గది నిండింది. మార్తమ్మ వచ్చి తలుపు దగ్గరే కూర్చుంది, ఒళ్ళో చిన్నవాడు. బయట ఖాజా మియా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ముందు పాత వచనం తీసి చివరిదాకా చదివాను. "మూడు నెలల కింద ఇక్కడే నిలబడి నేను సగం చదివి ఆపాను. మీ పిల్లల కాళ్ళ గురించి నేను చెప్పింది తప్పు. తయారు కాకుండా వచ్చి చెప్పాను. నన్ను క్షమించండి" అన్నాను. అన్నేళ్ళలో గొంతు నన్ను వదిలేసిన రోజు అదొక్కటే. తర్వాత అంధుని గురించి చెప్పాను. నీళ్ళ గురించి, డాక్టరు మాట గురించి చెప్పాను. దేవుడు దీన్ని ఎందుకు జరగనిచ్చాడో నాకు తెలియదని కూడా చెప్పాను.

ఎవరూ ఏడవలేదు. ఆమేన్‌లు లేవు. ఇద్దరు ముగ్గురు కునుకుతున్నారు. "గప్పుడు జెప్పిందే మంచిగుండె" అని మగవాళ్ళలో ఎవరో గొణగడం వినబడింది.

ఆడవాళ్ళ వైపు నుంచి బాలమ్మ గట్టిగా అడిగింది: "గట్లయితే గీమె పాపమేం లేదా అయ్యగారూ?"

ఆరాధన మధ్యలో ప్రశ్నలు వేయడం ఆ సంఘంలో లేదు. అందరూ నా వైపే చూశారు.

"అందరికి ఉన్నంతనే బాలమ్మా. నాకున్నంత, నీకున్నంత. దానికి ప్రభువు ఉన్నడు. పిల్ల కాళ్ళు మాత్రం నీళ్ళతోని అయినయి" అన్నాను.

బాలమ్మ చాలాసేపు కొంగు సర్దుకుంది. నేను రొట్టె తీసుకుని ఆడవాళ్ళ వైపు వచ్చేసరికి ఆమె బిగుసుకున్న నడుముతో మనిషంతా వెనక్కి తిరిగింది. తలుపు వైపు చూసి, "గాడ చెప్పుల కాడ ఏం గూసుంటవు? ఇటు రా. పోరణ్ణి నాకియ్యి" అంది. అని చాప మీద కొంచెం పక్కకు జరిగింది.

మార్తమ్మ వచ్చి అక్కడ కూర్చుంది. రొట్టె కోసం చెయ్యి చాపింది. ఆ రోజు రొట్టె ఇచ్చేటప్పుడు చెప్పాల్సిన మాటలు నేను సరిగా చెప్పానో లేదో నాకు గుర్తు లేదు.

మర్నాడు ఖాజా మియా ఎక్కడి నుంచో రెండు ఇనుప డ్రమ్ములు సంపాదించి కడిగి యోహాను బండి మీద కట్టాడు. చెరువు కింది పాత బావి నుంచి తాగే నీళ్ళు తేవడం మొదలైంది. ముందు మా సంఘం ఇళ్ళకు, ఖాజా ఇంటికి, తర్వాత ఊళ్ళో అడిగినవాళ్ళందరికీ. సర్కారు మంచినీళ్ళ గొట్టాలు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా ఆ ఎడ్లబండే.

అచ్చంపేటలో

తొంభైలలో నేను అచ్చంపేటకు మారాను. అక్కణ్ణించి అమ్రాబాద్ దాకా అడవి అంచు ఊళ్ళు నావి. ఆదివారం వాక్యాన్ని సోమవారమే చదవడం అప్పటికి అలవాటైపోయింది. చప్పగా చెబుతానని పేరు కూడా వచ్చింది. నా ముందు కునుకు తీసేవాళ్ళను చూసి కోప్పడే హక్కు నాకెలాగూ లేదు.

ఒకరోజు మార్తమ్మ వచ్చింది. ఆ పక్క ఊళ్ళో చెల్లెలింటికి వచ్చి, చూసిపోదామని దిగిందట. వెంట సమూయేలు, పన్నెండేళ్ళవాడు. మా వాకిట్లో ఒక్క క్షణం నిలబడకుండా జామచెట్టు ఎక్కాడు, దిగాడు, వీధిలోకి పోయాడు. నేను వాడి కాళ్ళనే చూస్తున్నానని మార్తమ్మ కనిపెట్టి నవ్వింది.

రూతు గురించి అడిగాను. కాళ్ళు అలాగే ఉన్నాయట. కుట్టు మిషను నేర్చుకుందట, ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెబుతోందట. "గంట పాఠానికి వారమంత చదువుతది. నేనే తిడుత, మిషను పని ఎప్పుడు జేస్తవే అని" అంది.

టీ తాగాక లేచింది. చెప్పుల దాకా పోయి ఆగింది.

"మీకొక మాట జెప్పాలె అయ్యగారూ. మీరు గుడిల అందరి ముందట చెప్పినంక గూడ నేను వెతుకుడు బంద్ జెయ్యలే. గా యాదికి రాని పాపం. మీరు ఫికర్ జేస్తరని చెప్పలే. రొట్టె తీసుకున్న, నీళ్ళు మోసిన, లోపల మాత్రం వెతుకుతనే ఉన్న. ఏండ్లు వెతికిన."

అజాగ్రత్తగా అన్న ఒక్క మాట అంత కాలం ఆమెలో ఉండిపోయింది. ఆమె మొహం చూశాను. ఆ మొహంలో నేను భయపడ్డది లేదు.

"నిన్న బస్సుల గూసున్నంక మీరు యాదికొచ్చిండ్రు, గది గూడ యాదికొచ్చింది" అంది. "వెతుకక మస్తు దినాలాయె. ఎప్పుడు బంద్ జేసిన్నో గూడ నాకు తెల్వదు."

అంతలో వీధిలోంచి సమూయేలు బస్సొస్తోందని కేక వేశాడు. ఆమె కొంగు బిగించి గబగబా మెట్లు దిగింది. వాడు తల్లి కోసం ఆగలేదు. బస్సు ఆపడానికి ముందే ఉరికి రోడ్డెక్కాడు.